మధ్యాహ్నం తగ్గే వేడి

మా ఇంట్లో పడమటి వైపు గదిలో ఒక కంప్యూటర్ ఉంది. విడిభాగాలు తెచ్చుకుని నేనే బిగించుకున్నాను. నా భార్యా నేనూ విడిపోయి, ఆమె పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోయిన ఏడాది, శనివారాలు ఎలా గడపాలో తెలియక పెట్టుకున్న పని అది. ఈ పరాయి దేశంలో, టోవా పాయో అనే పేటలో తొమ్మిదో అంతస్తు మాది. ముగ్గురం ఉన్నప్పుడు ఇరుకని పోట్లాడుకున్న ఇల్లు. ఒక్కణ్ణే మిగిలాక ఎటు చూసినా ఖాళీగానే కనిపించేది.

కంప్యూటర్ పూర్తయ్యాక దానికి చెప్పడానికి పనేమీ లేదని తెలిసింది. వెతగ్గా వెతగ్గా పాప చిన్నప్పటి వీడియోలు బయటపడ్డాయి. పాత ఫోన్లతో తీసినవి. చీకటిగా, మసకగా, నా చెయ్యి వణికిన వణుకుతో సహా. అలాంటి వాటిని బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఉందని తెలిసి తెచ్చి పెట్టాను. అది వీడియోలోని ఒక్కొక్క బొమ్మనూ విడిగా తీసుకుని, మసక తుడిచి, వెలుతురు పెంచి, మళ్ళీ పేర్చుతుంది. ఒక్కో బొమ్మకు ఇరవై సెకన్లు పడుతుంది, అంతసేపూ ఆ బొమ్మ తెర మీద ఉంటుంది. నిమిషం వీడియో కావాలంటే పగలంతా నడవాలి. పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు మొదలుపెట్టి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం వచ్చేసరికి మా పాప బాల్యంలోంచి ఒక నిమిషం శుభ్రపడి ఉండేది.

వారం తిరక్కుండానే కంప్యూటర్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. సాయంత్రం వచ్చి చూస్తే చల్లగా, చప్పుడు లేకుండా పడి ఉండేది. వేడి లెక్కలు చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టి చూశాను. పొద్దున డెబ్బై డిగ్రీల దగ్గర నడిచే గ్రాఫిక్స్ కార్డు మధ్యాహ్నం మూడయ్యేసరికి తొంభై దాటుతోంది. ఆ పైన కాలిపోకుండా కంప్యూటర్ తనంతట తనే ఆరిపోతోంది.

ఆఫీసులో నా పని సర్వర్లు చూసుకోవడమే. పాయా లేబర్‌లో మా సర్వర్ల గదిలోకి వెళ్ళాలంటే స్వెట్టర్ వేసుకోవాలి. అక్కడ వందల యంత్రాలను చల్లగా ఉంచేవాడికి ఇంట్లో ఒక్కదాన్ని ఉంచడం చేతకాలేదు. శనివారం పక్క రేకు విప్పి చూస్తే ఫ్యాన్ల రెక్కల మధ్య దుమ్ము దూదిలా పట్టి ఉంది. బ్రష్‌తో దులిపాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది రాశాను. వెనక ఇంకో ఫ్యాన్ బిగించాను. ఎనిమిది డిగ్రీలు తగ్గింది. అయినా ఎండ ఎక్కువున్న రోజుల్లో మూడింటికి ఆగిపోతూనే ఉంది.

తప్పు కంప్యూటర్‌ది కాదు, గదిది. రెండు గంటల నుంచి పడమటి గోడ మీద ఎండ పడుతుంది. కిటికీ తీసి వెళ్ళే ధైర్యం లేదు. ఈ ఊళ్ళో వాన చెప్పి రాదు, కంప్యూటర్ బల్ల ఉన్నది కిటికీ కిందే. అందుకని గది వేడి కొలిచే చిన్న పరికరం కొని బల్ల పక్కన అంటించాను. గది ముప్పై అయిదు దాటితే కంప్యూటర్ నెమ్మదించేటట్టు చేశాను. ఈ అంకెలన్నీ నా ఫోన్‌లో గీతల్లా కనిపించే ఏర్పాటు కూడా చేసుకున్నాను. ఎర్ర గీత కార్డుది, నీలం గీత గదిది.

ఇదంతా అవసరమా అంటే కాదు. కానీ అలవాటైపోయింది. మధ్యాహ్నం తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసుకుని, అంటే నాదని ఆపుకుని, ప్లేటు తెచ్చుకుని, ఫోన్ తీసేవాణ్ణి. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఇంటివాళ్ళతో మాట్లాడుకునేవారు. మా ఇంటి నుంచి నాకు వచ్చే కబురు ఆ రెండు గీతలే.

ఒకరోజు ఆ గీతలు రెండూ ఆగిపోయాయి. కార్డు తొంభై ఒకటి దగ్గర నిలబడిపోయింది, తగ్గదు, పెరగదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా కంప్యూటర్ పలకలేదు. ఎక్కడో బిగుసుకుపోయింది. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో తెలియదు. నిప్పు అంటుకుంటుందేమోనన్న భయం పట్టుకుంది. అప్పుడు పక్కింటి ఆంటీకి ఫోన్ చేశాను.

ఆంటీకి డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చినవాళ్ళు. ఆమె పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఆమె తెలుగులో మా అమ్మమ్మ కాలం మాటలూ, అరవం, మలయ్ అన్నీ కలిసి ఉంటాయి. భర్త పోయి ఏడేళ్ళయింది. కొడుకు కుటుంబం సెంగ్‌కాంగ్‌లో ఉంటుంది. ఒకసారి నేను తాళంచెవి లోపల మర్చిపోయి బయట నిలబడ్డాను. అప్పటి నుంచి ఒక చెవి ఆమె దగ్గర ఉంచాను. అంతకు మించి మా మధ్య పెద్ద మాటలు లేవు. లిఫ్ట్ దగ్గర కనిపిస్తే, "ఏటి బాబూ, మకాన్ అయిపోనాదా?" అని భోజనం సంగతి అడిగేది. అయిందాంటీ అనేవాణ్ణి, తిన్నా తినకపోయినా.

ఫోన్‌లోనే ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్ళాను.

"పెట్టెకి ముందు వైపు, పైన గుండ్రంగా ఒక బొత్తాం ఉంటుందాంటీ. ఆరిపోయేదాకా నొక్కి పట్టుకోండి."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"ఆంటీ, కనిపించిందా?"

"కనిపించినాది. నొక్కితే ఈ బొమ్మ పోతాదా?"

"తెర మీది బొమ్మా? పోతుందాంటీ, ఫరవాలేదు. మళ్ళీ పెడితే మళ్ళీ వస్తుంది."

 తర్వాత, "నొక్కినాను" అంది. "గది శానా పానాస్ బాబూ, ఉడికిపోతన్నాది. కిటికీ తీసీనా?"

"వద్దాంటీ, వానొస్తే తడిసిపోతుంది."

"నానున్నంతసేపే తీస్తాను. యెల్లేటప్పుడు మూసేస్తాను."

ఆ సాయంత్రం వెళ్ళేసరికి కిటికీ మూసి ఉంది. గేటు దగ్గర నిలబడి ఆమెకి థాంక్స్ చెప్పాను. మర్నాడు కంప్యూటర్‌ని మళ్ళీ పనిలో పెట్టాను.

ఆ తర్వాతి వారం నీలం గీతలో ఒక వింత కనిపించింది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో గది వేడి హఠాత్తుగా తగ్గడం మొదలుపెట్టేది. ముప్పై అయిదు నుంచి ముప్పై మూడుకి దిగేది. నాలుగు దాటాక మళ్ళీ పైకి లేచేది. వాన అనుకున్నాను, కానీ ఆ రోజుల్లో వాన లేదు. పరికరం చెడిందనుకుని ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టాను. రెండూ ఒకే మాట చెప్పాయి. మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం ఇంటికి వచ్చి ఆ గదిలో అడుగుపెడితే మందు నూనె వాసన సన్నగా తగిలింది, ఇక్కడి పెద్దవాళ్ళు కణతలకు రాసుకునేది. కుర్చీ తెర వైపు తిరిగి ఉంది. నేనెప్పుడూ దాన్ని బల్ల కిందికి తోసి వెళతాను.

ఆంటీ మీద కోపం రాలేదు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. ఆఫీసులో రెండున్నర అవుతుంటే ఫోన్ తీసి చూసేవాణ్ణి. గీత దిగడం మొదలవగానే, ఆ, వచ్చింది అనుకునేవాణ్ణి. మా ఇంట్లో ఒక మనిషి ఉంది, కిటికీ తెరిచి ఉంది, కుర్చీలో ఎవరో కూర్చున్నారు. అంతే. ఏం చేస్తోందో నేను ఆలోచించలేదు. ఎందుకు వస్తోందో కూడా ఆలోచించలేదు. ఒంటరిగా ఉంటుంది కదా, ఊసుపోక వస్తోంది అనుకున్నాను. బల్ల మీద బిస్కెట్ల డబ్బా పెట్టి వెళ్ళడం మొదలుపెట్టాను. రోజూ రెండు తగ్గేవి. ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు. మూడు వారాలు అలా గడిచాయి. ఆ ఇంట్లో ఒక్కణ్ణే మిగిలాక నేను కాస్త ఊపిరి తీసుకున్న రోజులవి.

తర్వాత వరసగా మూడు రోజులు గీత దిగలేదు. మొదటి రోజు ఊరెళ్ళిందేమో అనుకున్నాను. రెండో రోజు మీటింగ్‌లో కూర్చుని బల్ల కింద ఫోన్ చూస్తూనే ఉన్నాను. మూడో రోజు సాయంత్రం రైలు బిషాన్‌లో మారుతున్నప్పుడు ఆమె ఇంట్లో పడిపోయి ఉంటుందేమోనని నిజంగానే భయం వేసింది. గబగబా నడిచి వస్తే బ్లాక్ కింద లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంది, చేతిలో కూరల సంచీతో. ఆమెను చూసిన ఊరటలో నోరు జారాను.

"ఆంటీ, మూడు రోజులైంది మీరు రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

"ఎక్కడికి రాలేదు?"

"మా ఇంటికి."

ఆమె సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నీకెలా తెలిసినాది?"

అక్కడైనా ఆగవలసింది. ఫోన్ తీసి చూపించాను. సర్వర్ల గది కొత్తవాళ్ళకి చూపించేటప్పుడు నాలో ఒక హుషారు వస్తుంది. ఆ హుషారుతోనే చెప్పాను. "ఇది పోయిన గురువారం ఆంటీ. ఇక్కడ రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకి కిటికీ తీశారు. ఇదిగో, నాలుగూ పదికి మూశారు. రెండు డిగ్రీలు తగ్గింది చూడండి. శుక్రవారం కొంచెం ఆలస్యంగా వచ్చారు."

ఆమె కళ్ళు చిట్లించి ఆ గీతల వంక చూసింది.

"నానొచ్చినప్పుడల్లా ఇందులో పడతాదా?"

"మీరు కాదాంటీ. వేడి పడుతుంది."

లిఫ్ట్ వచ్చింది. ఇద్దరం ఎక్కాం. తొమ్మిదో అంతస్తు వచ్చేదాకా ఆమె తలుపు వైపే చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున మా గేటు కమ్మీల మధ్య ఒక కవరు ఇరికించి ఉంది. లోపల తాళంచెవి. కొత్త సంవత్సరానికి ఇక్కడివాళ్ళు పిల్లలకు డబ్బులు పెట్టి ఇచ్చే ఎర్ర కవరు అది. ఇంట్లో వేరే కవరు ఉండి ఉండదు.

అప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఇంట్లో కెమెరా పెట్టాననుకుని భయపడింది, లేదని చెబితే సరిపోతుంది అనుకున్నాను. సాయంత్రం వెళ్ళి బెల్ కొట్టాను. ఆమె తలుపు తీసింది కానీ గేటు తియ్యలేదు.

"కెమెరా ఏమీ లేదాంటీ. అది ఉత్త థర్మామీటర్ లాంటిది."

"నాను దొంగని కాను బాబూ."

"అయ్యో, నేనలా అనలేదాంటీ."

"సరే బాబూ. కూర పొయ్యి మీదున్నాది."

ఆ తర్వాత కారిడార్‌లో నా అడుగుల చప్పుడు వింటే ఆమె బయటికి రావడం మానేసింది. ఒకటి రెండుసార్లు గేటు తీస్తున్న చప్పుడై, నేను తాళం వేస్తుండడం విని మళ్ళీ మూసుకుంది. కంప్యూటర్ తన పని తాను చేసుకుపోతూనే ఉంది. ఎర్ర గీత, నీలం గీత రెండూ పద్ధతిగా మూడింటికి పైకి పోయేవి. నేను చూడడం మానేశాను. కొన్నాళ్ళకి ఆ గది పరికరాలు రెండూ ఊడదీసి సొరుగులో పడేశాను.

ఆదివారాలు పాప వీడియో కాల్ చేస్తుంది. పదహారేళ్ళు వచ్చాయి. పెరిగింది ఇక్కడ కాబట్టి నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. ఒక ఆదివారం, ఆంటీ ఎలా ఉంది అని అడిగింది. జరిగింది చెప్పాను.

"నాన్నా, యూ షోడ్ హర్ ద గ్రాఫ్?"

"చూపించాను. ఎలా తెలిసిందని అడిగితే."

"దట్స్ సో క్రీపీ లా."

"నేను కావాలని చేయలేదమ్మా. ఆమె రావడం నాకు బాగానే ఉండేది."

"డిడ్ యూ టెల్ హర్ దట్?"

లేదన్నాను. "సో గో అండ్ టెల్ హర్. నో గ్రాఫ్, ప్లీజ్" అని పాప వేరే సంగతిలోకి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ గొంతు వెనక వినిపిస్తోంది, భోజనానికి పిలుస్తోంది.

మంగళవారం సెలవు పెట్టాను. మధ్యాహ్నం రెండున్నరకి వెళ్ళి బెల్ కొట్టాను. ఆ వేళప్పుడు నన్ను అనుకోలేదు కాబట్టి ఆమె వెంటనే తలుపు తీసింది. ఇంట్లోంచి అనుకుని వచ్చిన మాటలే చెప్పాను.

"ఆంటీ, మీరొస్తున్నారని నాకు మొదట్నుంచీ తెలుసు. తెలిసి కూడా మీకు చెప్పలేదు. రోజూ ఆఫీసులో కూర్చుని, మీరొచ్చారా లేదా అని చూసుకునేవాణ్ణి. ఇంట్లో ఎవరో ఉన్నారంటే నాకు బాగుండేది. తప్పు నాది."

ఆమె నా మొహం వంక కాసేపు చూసి గేటు తాళం తీసింది.

లోపల కూర్చోబెట్టి టీ పెట్టింది. పాలడబ్బా పాలతో, చిక్కగా. టీ సగం తాగాక తనే మొదలుపెట్టింది.

"నువ్వు ఆ రోజు బొత్తాం నొక్కమన్నావు. తెర మీద ఆయనున్నాడు."

"ఎవరాంటీ?"

"మా ఆయన."

నాకేమీ తెలియలేదు. ఆమే చెప్పింది. పాపకు రెండేళ్ళప్పుడు కారిడార్‌లో నడకలు, పరుగులు, మూడు చక్రాల సైకిలు, అన్నీ నేను ఫోన్‌తో తీసేవాణ్ణి. వాళ్ళ గేటు ముందు ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని ఆయన కూర్చునేవాడు. నేను తీసింది మా పాపని. ఆయన వెనక ఉండిపోయాడు. నేను ఆ వీడియోలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆయన్ని చూడలేదు.

"ఆయన బొమ్మలు రెండే ఉన్నాయి నా దగ్గర. రెండిట్లోనూ టై కట్టుకుని ఉంటాడు. ఇందులో బనీను. నొక్కితే పోతాదా అని అడిగినాను. మళ్ళీ వస్తాదన్నావు. అందుకే వొచ్చినాను."

"రోజూ ఆయన వచ్చేవాడా?"

"ఒకో రోజు వొచ్చేవాడు. ఒకో రోజు ఉత్త మీ గుంట పరుగులే, గోడే. తెర నల్లగా ఉంటే మౌసు కొంచెం కదిపేదాన్ని, ఇంకేటీ ముట్టలేదు. ఒకసారి పేపరు తిప్పినాడు. ఆ కాయితం ఇటు నుంచి అటు పడడానికి నా టీ సల్లారిపోనాది. ఎంత సేపు ఉండేవాడో." కప్పు కింద పెట్టింది. "తరవాత సముద్రం వొచ్చినాది. మూడు దినాలు పొద్దున్నే వొచ్చి సూసినాను, నిమిషం నిలబడి యెలిపోనాను. సముద్రమే."

నేను లిఫ్ట్ దగ్గర అడిగింది ఆ మూడు రోజుల గురించే. కారిడార్ వీడియోలు అయిపోయి ఈస్ట్ కోస్ట్ బీచ్ వీడియో మొదలైంది అప్పుడే. తన మొగుణ్ణి చూసుకోవడానికి వచ్చిన మనిషికి నేను ఆమె వచ్చిన గంటా నిమిషమూ చదివి వినిపించాను. ఆయన పోయినప్పుడు ఒక పూట వెళ్ళి నిలబడి, ఆఫీసు పని ఉందని వచ్చేసినవాణ్ణి. ఆ సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. క్షమించమని అడిగాను. ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ వారమంతా సాయంత్రాలు కూర్చుని ఆయన కనిపించిన చోట్లన్నీ కత్తిరించి ఒక్కచోట చేర్చాను. శనివారం మధ్యాహ్నం ఆమెను పిలిచాను. కుర్చీ వేసి, కిటికీ తీసి, వీడియో పెట్టాను. శుభ్రపడిన బొమ్మలో ఆయన బాగా కనిపించాడు. సైకిలు వస్తుంటే కాళ్ళు పైకెత్తాడు. పేపరు తిప్పాడు. ఒకచోట మా పాప వైపు చెయ్యి చాపి ఏదో అన్నాడు. అయిపోయింది. మొత్తం రెండు నిమిషాలు లేదు.

ఆమె ఇంకా తెర వైపే చూస్తోంది.

"అంతేనా?"

"అంతే ఆంటీ."

"అప్పుడు శానా సేపు ఉండేవాడు."

మామూలు వేగంలో అంతే ఉంటుందని, అప్పుడు ఒక్కో బొమ్మా బాగుపడుతూ ఉంటే మీరు చూశారని చెప్పబోయాను. చెప్పలేదు. బాగుపడిన వీడియోని పక్కన పెట్టి, పాత మసక వీడియోనే మళ్ళీ తీసి, ఆయన పేపరు తిప్పే చోటు నుంచి కంప్యూటర్‌ని పనిలో పెట్టాను. ఒకసారి అయిపోయిన పని, మళ్ళీ చేయడానికి కారణమేమీ లేదు. ఫ్యాన్లు హోరెత్తాయి. ఇరవై సెకన్లకొకసారి ఆయన చెయ్యి వెంట్రుకవాసి కదిలింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఎండ గోడ దాటి బల్ల మీదికి వచ్చింది. మధ్యలో ఒకసారి ఆమె, "ఈ బనీను నానే ఉతికినాను" అంది, నాతో కాదు.

అలా నాలుగు శనివారాలు వచ్చింది. చెవి మళ్ళీ ఇస్తానంటే వద్దంది. నువ్వున్నప్పుడే పిలు, వస్తానంది. అయిదో శనివారానికి మోకాలి నొప్పి ఎక్కువై కొడుకు వచ్చి సెంగ్‌కాంగ్ తీసుకెళ్ళాడు. తర్వాత ఇల్లు అద్దెకిచ్చారు. ఇప్పుడున్న జంట ఎప్పుడొస్తారో ఎప్పుడు వెళతారో నాకు తెలియదు. వాళ్ళకీ నా సంగతి తెలియదు. పాప వీడియోలన్నీ పూర్తయ్యాయి. హైదరాబాద్ పంపించాను. సో క్యూట్ అని రాసింది. అమ్మ ఏడ్చిందని కూడా రాసింది. 

పోయిన ఆదివారం ఆంటీని చూడ్డానికి సెంగ్‌కాంగ్ వెళ్ళాను. భోజనాల వేళ దాటాక చేరాను. కోడలు మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది. ఆంటీ సోఫాలో కూర్చుని మోకాలి సంగతి, ఈ పేటలో చేపలు బాగుండవన్న సంగతి చెబుతూ చెబుతూ నిద్రలోకి జారిపోయింది. లేపాలో వెళ్ళాలో తెలియలేదు. ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాను. లోపల పిల్లలు ఏదో చూస్తూ నవ్వుకుంటున్నారు. మెల్లగా లేచి, కోడలికి చెప్పి వచ్చేశాను.

బస్టాపులో ఉండగా ఫోన్ మోగింది.

"సెప్పకుండా యెలిపోనావేటి?"

"నిద్రపోతున్నారు కదాంటీ. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను."

"పొద్దున రా. మధ్యాహ్నం అయితే నాకు నిద్దరొచ్చేస్తాది" అంది. "మకాన్ ఇక్కడే."

సరేనన్నాను.